మ్యాథ్స్ టీచర్లకు లాంగ్వేజ్ ఆబ్జెక్టివ్స్ నేర్పే ఆన్‌లైన్ కోర్సు: ఆరు మాడ్యూళ్లలో పనికొచ్చినవి రెండు

ముందే చెప్పేస్తా, ఈ కోర్సుకి కట్టిన డబ్బులు నావి కావు, స్కూలువి. నావి పోయినవి ఐదు శనివారాలు. కాబట్టి రాసేటప్పుడు ఎక్కడైనా కోపం కనిపిస్తే అది ఆ శనివారాల తాలూకు కోపం అనుకోండి.

నేను అమెరికాలో ఒక మిడిల్ స్కూల్లో ఆరో తరగతికి మ్యాథ్స్ చెప్తాను. నా మూడో పీరియడ్‌లో 27 మంది పిల్లలుంటే అందులో 9 మంది ఇంగ్లిష్ లెర్నర్స్, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడుతూ స్కూల్లో ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు. మా దగ్గర లెసన్ ప్లాన్‌లో రెండు లైన్లు తప్పనిసరి. ఒకటి కంటెంట్ ఆబ్జెక్టివ్, ఈ రోజు పిల్లలు ఏ లెక్క నేర్చుకోవాలి అన్నది. రెండోది లాంగ్వేజ్ ఆబ్జెక్టివ్, ఆ లెక్క నేర్చుకోవడానికీ, వచ్చిందని చూపించడానికీ ఇంగ్లిష్‌తో ఏం చెయ్యగలగాలి అన్నది. రెండూ బోర్డు మీద ఉండాలి, క్లాసు మొదట్లో పిల్లలతో కలిసి చదవాలి, చివర్లో మళ్లీ చూసుకోవాలి. ఇది మా ప్రిన్సిపాల్ సొంతంగా కనిపెట్టిన రూలేం కాదు. ఎస్ఐఓపీ అని ఒక టీచింగ్ మోడల్ ఉంది, అందరూ సయాప్ అంటారు, అందులో 30 అంశాలుంటే మొదటి రెండూ ఇవే.

ఈ కోర్సుకి ముందు నేనెలా రాసేదాన్నో చెప్తే సిగ్గుచేటు గానీ చెప్తా. కంటెంట్: "విద్యార్థులు రేషియోలను అర్థం చేసుకుంటారు." లాంగ్వేజ్: "విద్యార్థులు రేషియోల గురించి పక్కవాళ్లతో చర్చిస్తారు." మర్నాడు రేషియోల బదులు పర్సెంటేజీలు. ఆ పై వారం ఈక్వేషన్లు. మిగతాదంతా కాపీ పేస్ట్. వాక్‌త్రూకి, అంటే క్లాసులు తిరిగి చూసే తనిఖీకి, వచ్చినవాళ్లు బోర్డు మీద రెండు లైన్లు ఉన్నాయా లేదా చూసి టిక్ పెట్టుకుని పోయేవాళ్లు. రెండేళ్లు ఇలాగే నడిచింది, ఎవరూ ఏమీ అనలేదు, పిల్లలు మాత్రం పక్కవాళ్లతో ఏమీ చర్చించలేదు.

సరే, కోర్సు సంగతి. పేరు చెప్పను, చెప్తే స్కూలుకీ వాళ్లకీ మధ్య నేనెందుకు ఇరుక్కోవాలి. ఆరు మాడ్యూళ్లు, ఒక్కోటి రెండు రెండున్నర గంటలు. వీడియోలు, చివర క్విజ్, కొన్ని పీడీఎఫ్ హ్యాండౌట్లు, "ఆబ్జెక్టివ్ చెకర్" అని ఒక టూలు, ఆఖర్న ఒక అసైన్‌మెంట్, పాసైతే సర్టిఫికెట్. వీడియో పూర్తిగా అయ్యేదాకా నెక్స్ట్ బటన్ పనిచెయ్యదు, స్పీడు పెంచనివ్వదు, వేరే ట్యాబ్‌కి వెళ్తే ఆగిపోతుంది. అన్నిటికన్నా విడ్డూరం, వీడియోలకి సబ్‌టైటిల్స్ లేవు. భాష రాని పిల్లలకి వినికిడి ఒక్కటే సరిపోదు, కంటికి కూడా ఆధారం ఇవ్వండి అని మనకి పాఠం చెప్పే కోర్సులో సబ్‌టైటిల్స్ లేవండీ.

ఐదుకి మూడు ఇస్తాను. ఆ మూడూ రెండో మాడ్యూల్‌కీ నాలుగో మాడ్యూల్‌కీ. మిగతా నాలుగూ కలిపి సున్నా.

మొదటి మాడ్యూల్ చరిత్ర. 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన లౌ వర్సెస్ నికల్స్ తీర్పు గురించి చెప్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ మాట్లాడే పిల్లల తరఫున వేసిన కేసు అది. అందరికీ అదే పుస్తకం, అదే టీచరు, అదే సిలబస్ ఇచ్చాం కదా అంటే చాలదు, ఇంగ్లిష్ అర్థంకాని పిల్లలకి అది సమానమైన చదువు ఎలా అవుతుంది అన్నది ఆ తీర్పు సారం. మంచి విషయమే, పది నిమిషాల్లో అయిపోయేది, గంట చేశారు. ఆ తర్వాత జిమ్ కమిన్స్ అనే భాషా పరిశోధకుడు 1979లో చెప్పిన తేడా: ఆటలో, క్యాంటీన్‌లో మాట్లాడే భాష వేరు, పాఠంలో కావాల్సిన భాష వేరు అని. మొదటిది ఒకటి రెండేళ్లలో వచ్చేస్తుంది, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చు. ఇది వింటున్నప్పుడు నా క్లాసులో ఒకడు గుర్తొచ్చాడు. గ్రౌండ్‌లో ఇంగ్లిష్‌లో అందర్నీ గడగడా తిట్టగలడు, వర్డ్ ప్రాబ్లం ఇస్తే ముగ్గురి పేర్లు తప్ప ఇంకేం అర్థం కాదు. వాడికి ఇంగ్లిష్ వచ్చేసింది, బద్ధకం అంతే అని అనుకునేదాన్ని. ఆ మాట వెనక్కి తీసుకున్నా. మాడ్యూల్‌లో నాకు దక్కింది ఇదొక్కటే.

రెండో మాడ్యూల్ మాత్రం ఎవరో నిజంగా మ్యాథ్స్ క్లాసులో నిలబడినవాళ్లు చేశారు. లెక్కల్లో భాష అంటే పెద్ద పెద్ద పదాల లిస్టు కాదనీ, చిన్న చిన్న మాటల దగ్గరే పిల్లలు పడిపోతారనీ ఇందులో చూపిస్తారు. నేనైతే ఎప్పుడూ హైపోటెన్యూస్, ఈక్వివలెంట్, కోఎఫిషియంట్ లాంటివే వర్డ్ వాల్ మీద, అంటే పదాలు అంటించే గోడ మీద పెట్టేదాన్ని. అవి అందరికీ కొత్తే, ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడే పిల్లలకి కూడా, కాబట్టి మనం ఎలాగూ ఆగి నేర్పుతాం. మనం ఆగనివి వేరే ఉన్నాయి. టేబుల్ అంటే బల్ల, ఆడ్ అంటే వింత, మీన్ అంటే దుర్మార్గుడు, రైట్ అంటే కుడి లేదా కరెక్టు, ప్రొడక్ట్ అంటే షాపులో వస్తువు. లెక్కల్లో ఇవే పట్టిక, బేసి, సగటు, లంబం, గుణకార ఫలితం. ఇలా తెలిసిన అర్థంతో వచ్చిన పిల్లాడు క్లాసులో ఆ మాట వినగానే తనకి అర్థమైందనే అనుకుంటాడు, చెయ్యి ఎత్తి అడగడు కూడా.

ఇక అసలు దెబ్బ కొట్టేవి మరీ చిన్నవి. మాడ్యూల్‌లో మూడు వాక్యాలు ఒకదాని కింద ఒకటి పెట్టారు. "ఫైవ్ లెస్ ఎక్స్". "ఫైవ్ లెస్ దాన్ ఎక్స్". "ఫైవ్ ఈజ్ లెస్ దాన్ ఎక్స్". మొదటిది 5 − ఎక్స్. రెండోది ఎక్స్ − 5. మూడోది అసలు తీసివేతే కాదు, 5 < ఎక్స్. ఒక్కో చిన్న మాట చేరినకొద్దీ లెక్క మొత్తం మారిపోతోంది. ఇన్నేళ్లుగా నేను ఈ మూడూ బోర్డు మీద రాస్తూనే ఉన్నా, ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూపించలేదు.

ఇక్కడ కోర్సులో లేనిది ఒకటి చెప్పాలి, మనవాళ్లకి నచ్చుతుంది. ఇదే తెలుగులో అనండి: "ఎక్స్ కంటే 5 తక్కువ." ముందు ఎక్స్, తర్వాత 5, తర్వాత తగ్గించడం. చెప్పిన వరుసలోనే రాసుకుంటూ పోతే ఎక్స్ − 5 వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో చెప్పిన వరుసలో రాస్తే తప్పు, తిరగేసి రాస్తేనే కరెక్టు. కామన్ కోర్ అని ఇక్కడ చాలా రాష్ట్రాలు వాడే పాఠ్య ప్రమాణాలు ఉన్నాయి, వాటిలో ఆరో తరగతి స్టాండర్డ్‌లోనే ఇచ్చిన ఉదాహరణ చూడండి, "సబ్‌ట్రాక్ట్ వై ఫ్రమ్ ఫైవ్" అన్నదాన్ని 5 − వై అని రాయగలగాలట. తెలుగులో "5లోంచి వై తీసెయ్" అంటే వరుస మళ్లీ సరిగ్గా కూర్చుంటుంది. భిన్నాలు కూడా అంతే. "మూడింట రెండు వంతుల మెజారిటీ" అంటాం, ముందు మొత్తాన్ని ఎన్ని ముక్కలు చేశామో చెప్పి తర్వాత ఎన్ని తీసుకున్నామో చెప్తాం. ఇంగ్లిష్‌లో టూ థర్డ్స్, పైది ముందు. తెలుగు గొప్పదని చెప్పుకోవడానికి ఇది రాయట్లేదు (కొంచెం అదీ ఉందిలెండి). పిల్లాడు 5 − ఎక్స్ అని రాస్తే వాడికి తీసివేత రాదని కాదు, ఇంగ్లిష్ వాక్యాన్ని ఎడమ నుంచి కుడికి నమ్మాడని అర్థం. అలాంటివాడికి పదిహేను తీసివేతలు హోంవర్క్ ఇస్తే ఏం లాభం?

నా సొంత అనుభవం ఇంకోటి. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలో పడ్డదాన్ని నేను. క.సా.గు., గ.సా.భా. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని, ఎల్‌సీఎం అనగానే నోరు మూతపడిపోయేది. అక్కడితో నా పాట్లు అయిపోయాయి అనుకున్నా. అమెరికాలో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో క్లాసులో "సిక్స్ ఇంటు త్రీ ఎంత?" అని అడిగా. మనకి ఇంటు అంటే గుణకారం కదా, చిన్నప్పటి నుంచి రెండు ఇంటు మూడు ఆరు. ఇక్కడ ఇంటు అంటే భాగహారం, "ఫోర్ ఇంటు ట్వంటీ" అంటే 20లో 4 ఎన్నిసార్లు అని. ముందు బెంచీలో ఒకమ్మాయి చాలాసేపు ఆలోచించి "హాఫ్?" అంది. తప్పు అన్నాను. ఆ పిల్ల చెప్పింది నూటికి నూరు శాతం కరెక్టు, నేను అడిగింది తప్పు. రెండో మాడ్యూల్ చూస్తున్నప్పుడు ఆ అమ్మాయి మొహం కళ్ల ముందు కదిలింది, అప్పటికి తను హైస్కూల్‌కి వెళ్లిపోయింది కూడా.

ఇదే మాడ్యూల్‌లో ఒక పాత పరిశోధన కూడా వాడుకున్నారు. "ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్లకి ఆరు రెట్లు విద్యార్థులు ఉన్నారు, ఎస్, పి అక్షరాలతో ఈక్వేషన్ రాయండి" అని జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు ఇంజనీరింగ్ ఫస్టియర్ వాళ్లకి ఇస్తే మూడో వంతుకు పైగా తప్పు రాశారు. కరెక్టు ఎస్ = 6పి, తప్పు రాసినవాళ్లలో ఎక్కువమంది రాసింది 6ఎస్ = పి. ఇంగ్లిష్ వాక్యంలో సిక్స్ పక్కన స్టూడెంట్స్ ఉంది కాబట్టి సిక్స్ తీసుకెళ్లి ఎస్ పక్కన పెట్టేశారు. వాళ్లు ఇంజనీరింగ్ చదివేవాళ్లు. అలాంటప్పుడు నాలుగు నెలల కింద దేశం వచ్చిన పదకొండేళ్ల పిల్లాడు తప్పు రాస్తే మనం ఆశ్చర్యపోవడం ఏంటి?

మాడ్యూల్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. వర్డ్ ప్రాబ్లంని మూడుసార్లు చదివించే త్రీ రీడ్స్ అనే పద్ధతి ఉంది, స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2017లో పెట్టిన ఎనిమిది మ్యాథ్ లాంగ్వేజ్ రొటీన్లలో ఒకటి. మొదటిసారి చదివినప్పుడు కథ ఏంటి, రెండోసారి అందులో లెక్కించగలిగేవి ఏంటి, మూడోసారి ఏం అడుగుతున్నారు, ఎలా చెయ్యొచ్చు. నా క్లాసులో అన్నిటికన్నా బాగా పనిచేసింది అదే. కోర్సులో దానికి ఇచ్చింది ఒకే ఒక్క స్లైడు, నలభై సెకన్లు.

మూడో మాడ్యూల్ గురించి ఎక్కువ రాయను. క్రియాపదాల పట్టిక. "అర్థం చేసుకుంటారు, తెలుసుకుంటారు" అని రాయొద్దు, అవి కంటికి కనపడవు, "వివరిస్తారు, పోలుస్తారు, సమర్థిస్తారు" అని రాయండి. ఒప్పుకుంటా, కానీ ఇది టీచర్ ట్రైనింగ్‌లో మొదటి నెలలోనే చెప్పేస్తారు. రెండు గంటల పాటు అదే పట్టికని రంగులు మార్చి మార్చి చూపించారు. పైగా ఆబ్జెక్టివ్‌కీ యాక్టివిటీకీ తేడా ఏంటన్నది దాటేశారు. "వర్క్‌షీట్ పూర్తి చేస్తారు" అన్నది పని, ఆబ్జెక్టివ్ అవదు, మా టీచర్లలో సగం మంది చేసే తప్పే అది.

ఇక్కడే ఆ ఆబ్జెక్టివ్ చెకర్ వస్తుంది. మీరు రాసిన వాక్యం అందులో పెడితే పచ్చ లైటో ఎర్ర లైటో వెలుగుతుంది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. "విద్యార్థులు పిల్లిని పూర్తి వాక్యాల్లో వివరించగలరు" అన్న అర్థం వచ్చేట్టు ఇంగ్లిష్‌లో కొట్టా. పచ్చ. పిల్లికీ ఆరో తరగతి మ్యాథ్స్‌కీ ఏం సంబంధమో దానికే తెలియాలి. తర్వాత నేను నిజంగా కష్టపడి రాసిన ఆబ్జెక్టివ్, పిల్లలు చదువుకునేలా "ఐ కెన్" అని మొదలయ్యేది పెట్టా. ఎర్ర. "స్టూడెంట్స్ విల్ బీ ఏబుల్ టు" అని మొదలుపెట్టకపోతే దానికి నచ్చదు. లెక్క ఉందా, భాష ఉందా, ఆ రెండూ ఒకదానికొకటి అతుకుతాయా అన్నది అది చూడనే చూడదు. ఈ టూలుని హైలైట్‌గా చూపించే మా స్కూలుకి అమ్మారట.

నాలుగో మాడ్యూల్ దగ్గర మాత్రం కుర్చీలో కాస్త ముందుకి జరిగి కూర్చున్నా. అందులో చెప్పే మాట ఒక్కటే. లాంగ్వేజ్ ఆబ్జెక్టివ్‌ని క్రియాపదంతో మొదలుపెట్టకండి, క్లాసు అయ్యేసరికి మీ పిల్లాడి నోటి నుంచి ఏ వాక్యం రావాలో ముందు ఆ వాక్యం రాసుకోండి. పూర్తిగా, వాడు అనేట్టే. తర్వాత ఆ వాక్యం చూసి అందులో ఏ మాటలు, ఏ కూర్పు వాడికి కష్టమో గుర్తుపట్టండి. ఆబ్జెక్టివ్ దానంతట అదే వస్తుంది.

నా రేషియో పాఠం తీసుకుని చేశా. కంటెంట్ ఆబ్జెక్టివ్: రెండు రేషియోలు ఈక్వివలెంట్ అవునో కాదో తేల్చగలగాలి. మరి దాన్ని తేల్చిన పిల్లాడు ఏమంటాడు? "ఫర్ ఎవ్రీ టూ రెడ్ టైల్స్, దేర్ ఆర్ త్రీ బ్లూ టైల్స్. ద రేషియోస్ ఆర్ ఈక్వివలెంట్ బికాజ్ ఐ మల్టిప్లైడ్ బోత్ నంబర్స్ బై ఫోర్." కాగితం మీద రాసుకుని చూస్తే కష్టమైన మాట ఈక్వివలెంట్ అనుకున్నా, కానీ అది కాదు. ఫర్ ఎవ్రీ, బోత్, బై. ఈ మూడే. ఈ మూడూ నా వర్డ్ వాల్ మీద ఎన్నడూ లేవు. కాబట్టి లాంగ్వేజ్ ఆబ్జెక్టివ్ ఇలా అయింది: రెండు రేషియోలు ఎందుకు ఈక్వివలెంటో "ఫర్ ఎవ్రీ", "బికాజ్ ఐ మల్టిప్లైడ్ బోత్ బై" వాడి పక్కవాళ్లకి నోటితో వివరించగలను.

మర్నాడు క్లాసులో ఏం జరిగిందో చెప్తా. పాత ఆబ్జెక్టివ్ ఉన్న రోజుల్లో పక్కవాడితో చర్చించండి అంటే నా కిటికీ పక్క బెంచీలో ఇద్దరి సంభాషణ ఇదీ: "ట్వెల్వ్." "యా." అయిపోయింది, ఇద్దరూ గోడ గడియారం చూస్తారు. ఈసారి బెంచీకి ఒకటి చొప్పున చిన్న కార్డు మీద ఖాళీలున్న వాక్యం పెట్టా, ఎరుపు నీలం ప్లాస్టిక్ టైల్స్ పంచా. రెండు ఎరుపు, మూడు నీలం. దానికి ఈక్వివలెంట్ ఇంకోటి చెయ్యాలి. ఆ ఇద్దరిలో కొత్తగా వచ్చినవాడు, చాలా తక్కువ మాట్లాడతాడు, కార్డు మీద వేలు పెట్టి ఒక్కో మాట కదుపుతూ "ఫర్ ఎవ్రీ... టూ రెడ్..." అని మొదలుపెట్టాడు. ముందున్న టైల్స్ 8 ఎరుపు, 9 నీలం. బికాజ్ దగ్గర ఆగి, మల్టిప్లైడ్ అన్న మాటని వేలితో మూసేసి, "యాడ్ సిక్స్... బోత్" అన్నాడు.

అక్కడే ఆగిపోయా నేను. రెండుకి ఆరు కలిపి ఎనిమిది, మూడుకి ఆరు కలిపి తొమ్మిది. రేషియోల్లో పిల్లలు చేసే అతి సాధారణమైన తప్పు ఇదే, రెండు వైపులా ఒకే సంఖ్య కలిపితే సమానం అనుకోవడం. ఇంతకుముందు అయితే వాడి షీట్‌లో తప్పు జవాబు మాత్రం కనిపించేది, ఇంగ్లిష్ అర్థం కాలేదేమోలే అనుకుని దాటేసేదాన్ని. వాడికి ఇంగ్లిష్ బాగానే అర్థమైంది, బోత్ అన్న మాటని సరిగ్గా వాడాడు. తేడా వచ్చింది లెక్కలో, అది బయటపడింది మాత్రం భాష వల్ల. రెండు ఎరుపు, మూడు నీలం ఉన్న గుంపులు ఎన్ని చెయ్యగలవో టైల్స్‌తో చేసి చూడు అన్నా. మూడు గుంపులు కట్టేసరికి ఎరుపు రెండు మిగిలాయి, నీలం అయిపోయాయి. నాలుగో గుంపుకి నీలం లేవని వాడే చూశాడు, ఇంకో మూడు నీలం తెచ్చి పెట్టుకున్నాడు, కార్డు మీద వేలు తీసేశాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. నాకది చాలు.

అందుకే ఈ ఒక్క మాడ్యూల్ కోసం కోర్సు దండగ అనలేకపోతున్నా. లెక్క అందరికీ అదే ఉండాలి, ఇంగ్లిష్ తక్కువ వచ్చిన పిల్లాడికి లెక్క తగ్గించకూడదు, ఆసరా పెంచాలి అని కూడా ఇందులో చాలా గట్టిగా చెప్పారు.

తీరా ఐదో మాడ్యూల్‌కి వెళ్తే దానికి పూర్తిగా రివర్స్. వేరెవరో చేసినట్టున్నారు, నాలుగోది చూడకుండా. ఇంగ్లిష్ లెర్నర్స్ కోసం ప్రమాణాలు తయారుచేసే విడా అనే సంస్థ స్కేలు మీద ఇంగ్లిష్ స్థాయిలు ఒకటి నుంచి ఆరు దాకా ఉంటాయి కదా, ఒక్కో స్థాయికి ఒక్కో ఆబ్జెక్టివ్ విడిగా రాయమంటారు. ఉదాహరణలో మొదటి స్థాయి పిల్లాడికి "సంఖ్యలను గుర్తిస్తాడు" అని పెట్టారు, మిగతా పిల్లలు రేషియోలు చేస్తుంటే. పదకొండేళ్లవాడు, తన దేశంలో దశాంశాల భాగహారాలు చేసొచ్చినవాడు, సంఖ్యలు గుర్తించాలట! నిజానికి వాడికి మనం గుర్తుచేయాల్సింది వేరే ఉంది, చాలా దేశాల్లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, వాడు 2,5 అని రాస్తే అది రెండున్నర. అది తప్పని కొట్టేసే టీచర్లు ఉన్నారు, నేనూ ఒకప్పుడు కొట్టేశా. ఆ సంగతి మాడ్యూల్‌లో లేదు.

నేను చేసేది, ఆబ్జెక్టివ్ ఒక్కటే ఉంచి ఆసరా మార్చడం. మొదటి స్థాయివాడు టైల్స్ చూపిస్తూ, సంఖ్యలు చెప్తూ, కార్డులోంచి ఒకటి రెండు మాటలు వాడతాడు, కావాలంటే ముందు వాళ్ల భాషలో పక్కవాడికి చెప్పుకుంటాడు. మూడో స్థాయివాడికి ఖాళీలున్న పూర్తి వాక్యం. ఐదో స్థాయివాడికి కార్డు ఉండదు, ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి. మా ఈఎల్ టీచర్‌కి, అంటే ఇంగ్లిష్ లెర్నర్స్‌కి ఇంగ్లిష్ నేర్పే ఆవిడకి, ఐదో మాడ్యూల్ చూపిస్తే ఆవిడ నవ్వి, ఇది ఏ కాలం నాటిది అన్నారు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అని నాలుగు గళ్లు గీసి రోజూ నాలుగింటికీ ఆబ్జెక్టివ్ రాయమన్నారు అందులో. విడా వాళ్ల 2020 ఎడిషన్‌లో అర్థం చేసుకునే వైపు, వ్యక్తం చేసే వైపు అని రెండుగా కలిపేశారు, చూడటం, బొమ్మలతో గ్రాఫులతో చూపించడం కూడా వాటిలో చేరాయి. లెక్కల టీచర్లకి ఆ చేరికే ముఖ్యం, ఎందుకంటే నా పిల్లలు సగం మాట్లాడేది నంబర్ లైన్లతోనూ టేబుళ్లతోనూ. అదే ఎడిషన్‌లో భాషని దేనికి వాడతాం అన్నది కూడా నాలుగు రకాలుగా చెప్పారు: కథనం, సమాచారం, వివరణ, వాదన. నా క్లాసుకి చివరి రెండూ ప్రాణం. కోర్సులో ఈ ముక్క ఎక్కడా లేదు, అప్‌డేట్ చేశామని మొదటి పేజీలో మాత్రం ఉంది.

ఆరో మాడ్యూల్ అంటే అసైన్‌మెంట్. ఒక వారం లెసన్ ప్లాన్లు పంపాలి, ఎవరో చూసి ఫీడ్‌బ్యాక్ ఇస్తారు అన్నారు. మూడు వారాలకి వచ్చింది. "చక్కటి ప్రయత్నం, ఆబ్జెక్టివ్‌లు స్పష్టంగా ఉన్నాయి, మరిన్ని దృశ్య సాధనాలు వాడండి." పక్క క్లాసు సైన్స్ టీచర్‌కి కూడా అక్షరం పొల్లుపోకుండా అదే వచ్చింది. ఆయన పొరపాటున ఒకే ప్లాన్‌ని రెండుసార్లు అప్‌లోడ్ చేశారు, ఎవరూ గమనించలేదు. సపోర్ట్‌కి రెండు మెయిళ్లు పెట్టా, చెకర్ గురించి ఒకటి, సబ్‌టైటిల్స్ గురించి ఒకటి. రెండింటికీ టికెట్ నంబర్లు వచ్చాయి.

ఇప్పుడు నా పద్ధతి ఏంటని అడుగుతారు కదా. ఆదివారం సాయంత్రం వారానికి ఐదు వాక్యాలు రాసుకుంటా, పిల్లాడి నోటి వాక్యాలు. ఒక్కోదానికి పది నిమిషాలు. మొదటి రెండు వారాలు ఒక్కోదానికే అరగంట పట్టేది, అంత టైం ఎవరికుంది అని విసుక్కునేదాన్ని కూడా. రోజూ ఒకే భాషా పని పెడతా, నాలుగు కాదు. కొన్ని రోజులు కేవలం "బై", "టు" తేడా ఒక్కటే ఉంటుంది, ధర 20 పెరిగింది అనడానికీ 20కి పెరిగింది అనడానికీ మధ్య తేడా. ఆ రోజు ఎగ్జిట్ టికెట్ మీద, అంటే క్లాసు చివర రాసిచ్చే చిన్న చీటీ మీద కూడా అదే అడుగుతా. బోర్డు మీద లాంగ్వేజ్ ఆబ్జెక్టివ్ కింద ఆ వాక్యం కూడా రాసిపెడుతున్నా. ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడే పిల్లలు కూడా దాన్నే చూసి మాట్లాడుతున్నారు, వాళ్లకీ ఫర్ ఎవ్రీ సరిగ్గా రాదని అప్పుడే తెలిసింది.

ఎవరు తీసుకోవచ్చు? కొత్తగా చేరిన మ్యాథ్స్ టీచర్లు, క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఇంగ్లిష్ లెర్నర్స్ ఉన్నవాళ్లు, అదీ స్కూలు డబ్బులు కడితేనే. ఐదారేళ్ల అనుభవం ఉండి పక్కన మంచి ఈఎల్ టీచర్ ఉంటే అవసరం లేదు, ఆవిడతో కూర్చుని ఒక వర్డ్ ప్రాబ్లంని మాట మాటా విప్పుకుంటే రెండో మాడ్యూల్ అంతా వచ్చేస్తుంది. హైస్కూల్ వాళ్లకి ఉదాహరణలు తక్కువ, జామెట్రీ ప్రూఫ్ ఒక్కటే ఉంది, అదీ సగంలో వదిలేశారు.

తీసుకునేట్టయితే ఒక జాగ్రత్త. లాగిన్ 90 రోజులే పనిచేస్తుంది, సర్టిఫికెట్ వచ్చినా సరే 91వ రోజు అన్నీ మూతపడతాయి. రెండో మాడ్యూల్ హ్యాండౌట్, నాలుగో మాడ్యూల్‌లోని వాక్యాల షీటు, ఈ రెండు పీడీఎఫ్‌లు మొదటి వారమే దింపి పెట్టుకోండి. నేను తర్వాత చూద్దాంలే అనుకున్నా, ఇప్పుడు నా దగ్గర ఉన్నవి లాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో తీసిన మూడు ఫొటోలు, ఒకదాంట్లో నా కాఫీ కప్పు అడ్డం వచ్చింది.